బల్లకు ముందు శనివారం రాత్రి

చాలా క్రైస్తవ సంఘాల్లో నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే యేసు మరణాన్ని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం, ఉంటుంది. బ్రదరెన్ సంఘాల వాళ్లకైతే ప్రతి ఆదివారం రొట్టె విరవడమే. ఎక్కడైనా బల్లకు ముందు ఎక్కువగా వినబడే వాక్యం ఒకటే: "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" (1 కొరింథీ 11:28). చదివాక పాస్టరుగారు ఒక నిమిషం మౌనంగా ఉండమంటారు. కీబోర్డు మెల్లగా మోగుతుంటుంది. ఆ నిమిషంలో నెలరోజుల బతుకుని ఎవరు తిరగేయగలరు? "ప్రభువా, నేను పాపిని, క్షమించు" అనేసరికి ట్రే మన వరుస దగ్గరికి వచ్చేస్తుంది.

"నేను పాపిని" అన్నమాట నిజమే గానీ, దాక్కోవడానికి దానంత మంచి చోటు ఇంకోటి లేదు. అందరూ పాపులే కాబట్టి ఆ మాట అనడానికి ఎవరికీ సిగ్గు వేయదు. "మంగళవారం ఇంటి ఓనరుకి జీతం పడలేదని చెప్పాను, సోమవారమే పడింది" అనాలంటే మాత్రం గొంతు పట్టేస్తుంది. పరీక్ష మొదలయ్యేది అక్కడ.

కాబట్టి ఆ పని శనివారం రాత్రే పెట్టుకోవాలి. ఇరవై నిమిషాలు చాలు. ఒక నోట్‌బుక్, పెన్ను. ఫోన్ పక్కన పెట్టమని అందరూ చెబుతారు. మొదటి ఐదు నిమిషాలు చేతిలోనే ఉంచుకోమని నా సలహా. ఫోన్‌పే హిస్టరీ, కాల్ లిస్టు, వాట్సాప్, ఈ మూడూ ఒకసారి పైనుంచి కిందికి చూడండి. మన జ్ఞాపకం మన పక్షానే సాక్ష్యం చెబుతుంది, ఫోన్‌కి ఆ మొహమాటం లేదు. ఎవరి కాల్ ఎత్తలేదు, ఇస్తానన్న డబ్బు ఎవరికి ఇవ్వలేదు, ఏ గ్రూపులో ఎవరి గురించి ఏం రాశాం, అన్నీ తారీఖులతో సహా ఉంటాయి. చూశాక దాన్ని వేరే గదిలో పెట్టేయండి.

ఆ తర్వాత వరస ఎలా అంటే, విజయవాడలో లొయోలా కాలేజీ నడిపే జెస్యూట్ అనే కాథలిక్ ఫాదర్ల సంఘానికి మూలపురుషుడు ఇగ్నేషియస్ లయోలా పెట్టిన ఐదు మెట్ల పద్ధతి ప్రొటెస్టెంట్లకీ పనికొస్తుంది. ముందు కృతజ్ఞత చెప్పాలి. తర్వాత వెలుగు అడగాలి. ఆపైన గంట గంటా తిరగేసి చూసుకోవాలి, క్షమాపణ అడగాలి, చివర రేపు ఏం మార్చుకోవాలో నిర్ణయించుకోవాలి. ఆయన దీన్ని ప్రతిరోజూ చేయమన్నాడు. నెలకు చేసుకునేవాళ్లు గంటల బదులు వారాలు తిరగేస్తే సరి. మొదటి మెట్టు దాటేసి నేరుగా తప్పుల్లోకి దిగితే మనసు తనను తాను సమర్థించుకోవడమైనా మొదలుపెడుతుంది, కుంగిపోవడమైనా మొదలుపెడుతుంది. రెండో మెట్టుకి 139వ కీర్తన చాలు: "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము." అక్కడ వెదికే పని దావీదు తన మీద పెట్టుకోలేదు, దేవుణ్ణి వెదకమన్నాడు. దొంగే ఇన్‌స్పెక్టరైతే కేసు తేలదు మరి.

నోట్‌బుక్‌లో రాసే ప్రతి లైనులో ఎవరితో, ఏం, ఎప్పుడు అనేవి మూడూ ఉండాలి. "నాకు కోపం ఎక్కువ" అని రాస్తే అది స్వభావ వర్ణన. "గురువారం రాత్రి చిన్నోడి ప్రోగ్రెస్ కార్డు చూసి, వాడి చెల్లెలి ముందే ఎందుకూ పనికిరావన్నాను" అని రాస్తే అది ఒప్పుకోలు. రాశాక కర్త ఎవరో చూసుకోండి. "ఆవిడ అలా మాట్లాడేసరికి నాకు ఒళ్లు మండింది" అన్న వాక్యంలో ఒప్పుకున్నది ఆవిడ పాపం. మన తెలుగులో ఇంకో సౌలభ్యం కూడా ఉంది: కోపం వస్తుంది, నోరు జారుతుంది, మాట తూలుతుంది, ఆలస్యం అవుతుంది. ఎవరూ ఏమీ చేయరు, అన్నీ వాటంతటవే అయిపోతాయి. "నోరు జారింది" కొట్టేసి "అన్నాను" అని రాసి చూడండి, తేడా తెలుస్తుంది.

ఇక ఆ కొరింథీ వాక్యం సంగతి. "అయోగ్యముగా" తినకూడదన్న మాటకి భయపడి, ఇంట్లో గొడవైన నెల బల్ల మానేసేవాళ్లు చాలామంది ఉన్నారు. కొరింథు సంఘానికి ఆ ఉత్తరం రాసిన పౌలు దేని గురించి అలా అన్నాడో తెలియాలంటే కాస్త పైకి, 21వ వచనానికి వెళ్లాలి. కొరింథులో కొందరు ముందే తినేసేవారు. ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి మత్తులో ఉండేవాడు. పేదవాళ్లను సిగ్గుపరుస్తున్నారని ఆయన మందలింపు. కాబట్టి శనివారం రాత్రి అడగాల్సిన ప్రశ్నల్లో "ఈ నెల నా వల్ల ఎవరు తక్కువైపోయారు?" అనేది ముందుండాలి. ఒకే పాత్రలో తాగి, పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి బయోడేటాలో కులం వెదికే మనకి ఆ అధ్యాయం పాతబడలేదు. ఇంకో సంగతి, 28వ వచనం "ఆలాగు చేసి" రొట్టె తినాలనే ముగుస్తుంది. పరీక్షించుకుని మానేయమని అందులో లేదు.

డబ్బు తప్పులకి ఏడుపు సరిపోదు. సంఖ్యాకాండం 5:7 ప్రకారం పాపం ఒప్పుకుని, అసలుకి ఐదో వంతు కలిపి, నష్టపోయినవాడికే ఇవ్వాలి. ₹5,000 ఎగ్గొట్టి ఉంటే ₹6,000. యేసును కలిశాక పన్నుల వసూలుదారు జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు, అది గొర్రెను దొంగిలించినవాడికి ధర్మశాస్త్రం పెట్టిన లెక్క (నిర్గమ 22:1). క్రైస్తవులకి ఈ లెక్కలు చట్టం కాదు, క్షమాపణకి రేటూ కాదు. కానీ తప్పుకి ఒక అంకె, ఒక చిరునామా ఉంటాయని నేర్పుతాయి. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు, మనిషికి ఇవ్వాల్సింది కానుక పెట్టెలో వేయడం. పాలవాడికి బాకీ ఉంచి దశమభాగం పూర్తిగా ఇచ్చామంటే పాలవాడి డబ్బుతో ఇచ్చినట్టే.

క్షమాపణ అడగడం మన ఇళ్లలో ఇంకా కష్టం. పెద్దవాళ్లు చిన్నవాళ్లను అడగరు. నాన్న రాత్రి అరిచి పొద్దున్నే "టిఫిన్ తిన్నావా?" అంటాడు, అదే క్షమాపణ అనుకోవాలి. అత్తగారైతే ఓ చీర తెచ్చి మంచం మీద పెడుతుంది. ప్రేమ ఉంది, కాదనం. కానీ ఏం తప్పు జరిగిందో ఆ చీర చెప్పదు. రెండు వాక్యాలు చాలు: "నిన్న అలా అనడం నాదే తప్పు. క్షమించు." దాని వెనక "కానీ" వచ్చిందంటే మొత్తం రద్దయినట్టే. "నువ్వు బాధపడి ఉంటే" అన్నా అంతే.

పశ్చాత్తాపం, మారుమనస్సు రెండూ ఒకటే అన్నట్టు వాడేస్తాం. పశ్చాత్తాపం అంటే తర్వాత పుట్టే తాపం. యేసును పట్టించిన శిష్యుడు యూదా పశ్చాత్తాపపడ్డాడు (మత్తయి 27:3). అక్కడి గ్రీకు మాట వేరు, "మారుమనస్సు పొందుడి" అన్నచోట ఉన్న మాట వేరు. యూదా ఏడవలేదనలేం, తప్పు ఒప్పుకున్నాడు, ముప్పై వెండి నాణేలూ తిరిగిచ్చాడు. తీసుకోవాల్సిన ప్రధాన యాజకులేమో "దానితో మాకేమి?" అన్నారు. అక్కడి నుంచి ఒంటరిగా వెళ్లిపోయాడు. యేసును ఎరగనన్న పేతురు కూడా వెక్కి వెక్కి ఏడ్చినవాడే, కానీ మిగతా శిష్యుల మధ్యకి తిరిగి వచ్చాడు. సభల్లో ముందుకొచ్చి ఏడ్చిన కన్నీళ్లు అబద్ధమని కాదు. ఆ తర్వాత కాళ్లు ఎటు నడిచాయన్నదే చూడాలి.

మార్పుకి ఒక్క తప్పునే గురిపెట్టండి. పది రాసుకుంటే ఒక్కటీ కదలదు. దీనికీ ఇగ్నేషియస్ దగ్గర లెక్క ఉంది. పొద్దున్న లేవగానే ఆ ఒక్క తప్పునే తలుచుకోవాలి. మధ్యాహ్నం భోజనమయ్యాక ఒకసారి, రాత్రి భోజనమయ్యాక ఒకసారి చూసుకోవాలి. రోజుకి రెండు గీతలు, ఎన్నిసార్లు పడ్డామో అన్ని చుక్కలు, మొదటి గీత మీద పొద్దుటివి, రెండో దాని మీద సాయంత్రానివి. తప్పు చేసిన క్షణంలోనే ఎవరికీ తెలియకుండా గుండె మీద చెయ్యి పెట్టుకోమంటాడు. మొదటి వారం చుక్కలు పెరిగినట్టు కనిపిస్తాయి. కంగారు పడొద్దు, చూడటం మొదలైంది, అంతే. రెండు వారాలైనా తగ్గకపోతే ఆ తప్పు జరిగే సమయాన్నీ చోటునీ చూడండి. అబద్ధాలన్నీ సాయంత్రం ఐదింటికి ఆఫీసు నుంచి బయటపడేటప్పుడే వస్తున్నాయంటే, మూలం నాలుక కాదు, పై అధికారికి "అవదు" అని చెప్పలేని భయం. ఖాళీ చేసిన చోట ఇంకోటి నింపాలి కూడా. ఎఫెసీ 4:28 దొంగని దొంగతనం మానమని ఊరుకోలేదు, కష్టపడి సంపాదించి అక్కరలో ఉన్నవాడికి పెట్టమంది.

ఒంటరిగా ఇది ఎక్కువకాలం నడవదు. మెదక్ చర్చి కట్టించిన వెస్లియన్ మిషన్‌కి పేరిచ్చిన జాన్ వెస్లీ 1738లో చిన్న గుంపులకి నియమాలు రాశాడు. వారానికోసారి కలవాలి, పోయినసారి కలిసినప్పటి నుంచి తెలిసి చేసిన పాపాలేవి, ఎదురైన శోధనలేవి, వాటి నుంచి ఎలా బయటపడ్డావు అని ఒకరినొకరు అడగాలి. మనకి ఇద్దరు ముగ్గురు చాలు. విన్నది "ప్రార్థన అంశం" పేరుతో ఊరంతా తిరగని మనుషులై ఉండాలి, ఈ ఒక్క అర్హతకే సగంమంది తప్పిపోతారు.

ప్రొటెస్టెంట్ ఉద్యమానికి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ సన్యాసిగా ఉన్న రోజుల్లో గంటల తరబడి ఒప్పుకోలు చెప్పి, బయటికి రాగానే ఇంకోటి గుర్తొచ్చి వెనక్కి పరిగెత్తేవాడట. అలాంటి మనసున్నవాళ్లు ఇరవై నిమిషాలు కాగానే నోట్‌బుక్ మూసేయాలి. మిగిలింది దేవుడికి తెలుసు. ఇంకో జాగ్రత్త: అవతలి మనిషికి తెలియని గాయాన్ని మన గుండె బరువు దించుకోవడానికి వాళ్లమీద పడేయకూడదు, ముందు ఒక పెద్దమనిషిని అడగాలి. కొట్టడం, పిల్లల మీద అఘాయిత్యం లాంటివైతే ప్రార్థనలో ఒప్పుకుంటే తీరిపోవు, పోలీసుల దాకా వెళ్లాల్సిందే. దెబ్బ తిన్నవాళ్లను "సమాధానపడండి" అని ఒత్తిడి చేయడం ఇంకో పాపం.

క్షమాపణ అడుగుదామంటే అవతలివాళ్లు శనివారం రాత్రి ఫోన్ ఎత్తకపోతే? "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అందరితో సమాధానంగా ఉండమన్నాడు పౌలు (రోమా 12:18). తప్పు ఒప్పుకుంటూ రెండు వాక్యాల మెసేజ్ పెట్టి, ఆదివారం బల్ల తీసుకోవచ్చు. సోమవారం మళ్లీ ఫోన్ చేయండి.