కుడివైపు కిటికీ

తిరుపతి నుంచి చిత్తూరుకు రైల్లో వెళ్ళడం నాకు కొత్తేం కాదు. పనిమీద వారానికోసారైనా వెళ్తుంటాను. ఎక్కగానే ఫోన్ తీస్తాను, పాకాలలో తలెత్తి టీ తాగుతాను, చిత్తూరులో దిగిపోతాను. దారంతా కంఠతా వచ్చనే ధీమా. మొన్నొక రాత్రి ఊరికే కూర్చుని తిరుమల కొండను బొమ్మ వేయబోతే ఏడు త్రిభుజాలు వచ్చాయి, ఒకటో తరగతి పిల్లాడు గీసినట్టు. పుట్టి పెరిగిన ఊరి కొండ! సిగ్గేసింది.

తిరుపతి-పాకాల-కాట్పాడి సింగిల్ లైను 104 కిలోమీటర్లను డబుల్ చేయడానికి 2025 ఏప్రిల్‌లో కేంద్రం ఒప్పుకుంది. పక్కన ఇంకో పట్టా పడితే ఈ కిటికీలోంచి కనిపించేది ఇలాగే ఉంటుందని చెప్పలేం. అందుకే మామిడికాయల రోజుల్లో ఒక పొద్దున గీతల్లేని నోటుపుస్తకం, బాల్‌పెన్ సంచిలో వేసుకుని ప్యాసింజర్ ఎక్కాను. కుడివైపు కిటికీ సీటు. కొండ అటే ఉంటుంది.

బండి కదిలాక గీయడం నా వల్ల కాలేదు. గీత ఒకచోట పెడితే ఇంకోచోటికి జారుతోంది. చంద్రగిరిలో ఆగింది. ఎదురుబండి వస్తోందట, క్రాసింగ్. "ఇంగ అర్ధగంట ఈడే" అని ఎవరో విసుక్కున్నారు. ఎప్పుడైనా ఆ మాట అనేది నేనే. ఆ రోజు మాత్రం పెన్ను మూత తీశాను.

చూస్తే కొండకు శిఖరాలే లేవు. పైభాగం బల్లలా చదును. దాని కింద ఎర్రటి రాతి అంచు, గోడ కట్టినట్టు నిట్టనిలువుగా. గోడ అయిపోయిన చోటు నుంచి పచ్చటి వాలు, పావడా పరిచినట్టు కిందికి. పైనున్న ఆ గోడ క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, దాని కింద అంతకన్నా ఎంతో పాత గ్రానైట్. రెండూ కలిసే చోటు ఘాట్ రోడ్డు పక్కనే బయటపడి ఉంటుంది, బోర్డు కూడా పెట్టారు. ఎన్నిసార్లు ఆ పక్కగా వెళ్ళానో! బోర్డు చదివాను గానీ కొండను చూడలేదు. రాతి అంచు కోసమే నాలుగు పేజీలు పాడుచేశాను. అయిదోది ఫరవాలేదు. చంద్రగిరి అంటే అందరూ రాజమహల్ గీస్తారు, దాని జోలికి నేను పోలేదు.

చంద్రగిరి దాటాక ఒక చిన్న స్టేషన్లో ఒక అవ్వ తోతాపురి కాయల మూటతో ఎక్కి ఎదురుగా కూర్చుంది. పాత పంచెలో కట్టిన మూట. నాలుగు చెంగుల్లో ఎదురెదురు రెంటిని ముందు ముడేసి, మిగతా రెంటినీ ఆ ముడి మీదుగా లాగి కట్టింది. సందులోంచి ఒక కాయ ముక్కు బయటికి పొడుచుకొచ్చింది, అచ్చం చిలక ముక్కే. మూటా, దాని మీద పెట్టుకున్న ఆమె చెయ్యీ గీస్తున్నాను. చెయ్యి అయ్యాక ఆశ పుట్టి మొహం మొదలుపెట్టాను.

"యాంది నాయనా, నన్నేనా గీస్తా ఉండేది?"

"అవునవ్వా. వద్దంటే ఆపేస్తా."

నోటుపుస్తకం లాక్కుని దూరంగా పెట్టి చూసింది, దగ్గరికి తెచ్చి చూసింది. "నా కమ్మలేవి?" అంది. నిజమే, చెవి వేసి వదిలేశాను. ఎర్రరాయి కమ్మలు, బరువుకు చెవి రంధ్రం సాగి గీతలా అయింది. తల పక్కకు తిప్పి, కమ్మ పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చుంది. పాకాల వచ్చిందీ పోయిందీ నాకు తెలియలేదు. టీ కూడా తాగలేదు.

చిత్తూరులో మూట దించడానికి చెయ్యేశాను. ముడి విప్పకుండానే సందులోంచి ఆ ముక్కు కాయ లాగి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

పని మధ్యాహ్నానికే ముగిసింది. తిరుగు బండికి కొండ ఎడమవైపు వస్తుంది. ఆ కిటికీ కోసం ప్లాట్‌ఫాం మీద ఇరవై నిమిషాల ముందే నిలబడ్డాను.