మూడు వీకెండ్లు, తొమ్మిది నరసింహులు

మా ఆయనది బ్యాంకు ఉద్యోగం, రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు. నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుని, నాకు శనాదివారాలంటూ ఉండవు, రోస్టర్‌లో ఎలా పడితే అలా. నెల మొదట్లో రోస్టర్ రాగానే ఫోటో తీసి ఆయనకి పంపుతాను, ఆయన క్యాలెండర్ ముందు పెట్టుకుని చూస్తారు. రెండు నెలలకోసారి కలిస్తే గొప్ప. అలా కలిసిన మూడు వారాంతాల్లో, నవంబరు నుంచి మార్చి లోపల, అహోబిలం నవ నారసింహ దర్శనం, అంటే అక్కడ తొమ్మిది చోట్ల తొమ్మిది రూపాల్లో ఉన్న నరసింహస్వామి దర్శనం, పూర్తి చేశాం.

మొదటిసారి నైట్ డ్యూటీ దిగి, పగలు కాసేపు పడుకుని, ఆ రాత్రే ప్రొద్దుటూరు బస్సెక్కాం. తెల్లవారుజామున ఆళ్లగడ్డలో దిగి అక్కడి నుంచి అహోబిలం. నల్లమలలో ఆ పొద్దుటి చలికి నిద్రమత్తంతా దిగిపోయింది. దిగువ అహోబిలంలో స్నానాలు చేసి, 8 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎగువ అహోబిలానికి వెళ్లి గుహలో ఉన్న అహోబిల నరసింహస్వామిని చూసుకుని, ఊతకర్రలు తీసుకుని భవనాశిని వాగు వెంట నడక మొదలుపెట్టాం. ఇంత పెద్ద బండరాళ్ల మీద నుంచి దాటాలని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నేను బయల్దేరేదాన్ని కాదేమో. దారిలో క్రోడ నరసింహుడు, తర్వాత ఒళ్లో అమ్మవారితో మాలోల నరసింహుడు, ఆ పైన జ్వాలా నరసింహుడు. వెళ్లేవాళ్లు తెల్లవారగానే నడక మొదలుపెట్టండి, ఎండెక్కితే ఆ రాళ్లు కాలిపోతాయి. తినేవి చేతిలో కనిపించకూడదు, కోతులు ఊరుకోవు.

జ్వాల దగ్గర పైనుంచి నీళ్లు పడుతున్నాయి, తడవకుండా లోపలికి వెళ్లే దారి లేదు. హిరణ్యకశిపుణ్ణి చీల్చింది అక్కడేనంటారు. పక్కనే రక్తగుండం, స్వామి నెత్తురు చేతులు కడుక్కున్న చోటు. అందరూ నీళ్లు తల మీద చల్లుకుని ముందుకు వెళ్తున్నారు, నాకు మాత్రం అక్కడి నుంచి కాలు కదల్లేదు. రోజుకి ఎన్నిసార్లు చేతులు కడుక్కుంటానో నాకే లెక్క ఉండదు. ఆ ముందు వారమే మా వార్డులో ఒక చిన్నపిల్లాణ్ణి కాపాడుకోలేకపోయాం. ఆ రోజు సింక్ దగ్గర చాలాసేపు చేతులు కడుగుతూనే ఉండిపోయాను, ఇంట్లో కూడా చెప్పలేదు. గుండం పక్కన రాతి మీద కూర్చుని అప్పుడు చెప్పాను మా ఆయనకి. ఆయన ఏమీ అనలేదు, నీళ్లు దోసిట్లో తీసుకుని నా చేతుల మీద పోశారు.

దిగేటప్పుడు రోడ్డు పక్కన కానుగ చెట్టు కింద విల్లు పట్టుకున్న కారంజ నరసింహుణ్ణి చూసి, మొత్తం ఐదుగురితో ఇంటికొచ్చాం. సగంలో వదిలేసి వచ్చామని నాకు బాగా దిగులేసింది.

రెండోసారి జనవరిలో, సంక్రాంతి తర్వాత. ఛత్రవట, యోగానంద, భార్గవ అయ్యాయి. ఛత్రవట స్వామి మర్రిచెట్టు నీడలో నవ్వుముఖంతో ఉంటాడు. హాహా హూహూ అనే గంధర్వులు పాడితే విని మురిసిపోయాడట, ఎడమచేత్తో తాళం వేస్తున్నట్టే ఉంటుంది విగ్రహం. మా ఆయన పెళ్లికి ముందు సంగీతం నేర్చుకున్నారు, బ్యాంకులో చేరాక మానేశారు. నేను అడగకుండానే అక్కడ కూర్చుని ఒక అన్నమయ్య కీర్తన పాడారు. అన్నమయ్య ఈ అహోబిలంలోనే అహోబిల మఠం మొదటి పీఠాధిపతి ఆదివన్ శఠగోప యతి దగ్గర చదువుకున్నాడంటారు కదా. మా పెళ్లై ఆరేళ్లు, ఆయన గొంతెత్తి పాడగా వినడం నాకు అదే మొదలు.

ఆదివారం రాత్రి డ్యూటీకి రమ్మని ఫోన్ రావడంతో పావన నరసింహుణ్ణి చూడకుండానే బయల్దేరాం. తిరుగుదారిలో ఒక ఊళ్లో మేళాలు, జనం, పల్లకీ. పారువేట అట. కనుమ నుంచి 40 రోజులకు పైగా అహోబిలం ఉత్సవమూర్తులు పల్లకీలో ఊరూరా తిరుగుతూ తమ పెళ్లికి రమ్మని జనాన్ని స్వయంగా పిలుస్తారు. ఇక్కడి చెంచులకి నరసింహస్వామి అల్లుడు, చెంచులక్ష్మి మొగుడు. ఆటో ఆపించి దిగి దణ్ణం పెట్టుకున్నాం. సగంలో వెళ్లిపోతున్నామన్న దిగులు ఎటు పోయిందో పోయింది, దేవుడే గడపగడపకీ తిరుగుతుంటే మనం మూడుసార్లు తిరిగితే ఏమైందనిపించింది.

పావన కోసం మార్చిలో మళ్లీ వెళ్లాం. అడవి లోపలికి జీపులో పోవాలి. అది రోడ్డు కాదు, రాళ్లూ గోతులే, నడుము నొప్పి ఉన్నవాళ్లు ఆలోచించుకుని ఎక్కండి. శనివారం కావడంతో చెట్ల కింద పొయ్యిలు పెట్టి వండుకుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు. దర్శనం చేసుకుని బయటికి రాగానే ఒక పెద్దావిడ "ఎండన పడి వచ్చినారు, రాండమ్మా, కూకోండి" అని ఇద్దరికీ విస్తళ్లు వేసి అన్నం పెట్టింది. నేను గబగబా తింటుంటే, డ్యూటీలో అలవాటు కదా, మా ఆయన నా విస్తరి వైపు చూసి "జీపు మనకోసం ఆగుతుందిలే" అన్నారు. రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాను.