గోడ ఎవరిదో ఇంకా తేలలేదు

రాత్రంతా వాన. ధ్యాసంతా పెరటి గోడ మీదే, నిద్ర పట్టలేదు. తెల్లారగానే వెళ్లి చూస్తే మధ్యలో ఇంకాస్త ఉబ్బి పక్కింటి వైపు ఒరిగింది.

నిన్న సాయంత్రం పక్కింటి బాబాయిగారితో మాటా మాటా పెరిగింది. "గోడ మీది. మీరే బాగు చేయించుకోవాలి" అన్నారు. మూడు నెలల కిందట తీగ పాకించడానికి నేను రెండు మేకులు కొడితే "మా గోడకి మేకులు కొట్టకమ్మా" అన్నదీ ఆయనే. ఆ మాట గుర్తు చేస్తే ముఖం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయారు. నాన్న ఉన్నప్పుడు ఇద్దరూ ఆ గోడకే మోచేతులు ఆనించి గంటల తరబడి మాట్లాడుకునేవాళ్లు. అది తలుచుకుంటే ఏడుపొచ్చింది.

ఈరోజు సెలవు కదా అని బీరువాలోంచి దస్తావేజు తీశాను. హద్దుల దగ్గర, తూర్పున పక్కవారి స్థలం అని ఉంది, అంతే. గోడ ఊసే లేదు. "ఉమ్మడి గోడ" అని ఒక్క మాట అప్పుడే రాయించి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. వెనక జత చేసిన ప్లాను 1:500 స్కేలులో ఉంది. హద్దు గీత మందమే ఒక మిల్లీమీటరు. అంటే నేల మీద అర మీటరు! మా గోడ మందం 9 అంగుళాలు. అలాంటివి రెండు ఆ గీతలో పట్టేస్తాయి. ఇక గోడ హద్దుకి అటుందో ఇటుందో ఆ కాగితం ఎలా చెబుతుంది? "ప్లానులో క్లియర్‌గా ఉంది" అని నిన్న గట్టిగా అరిచాను. తప్పు మాట అది.

సరే, గోడనే చూద్దామని వెళ్లాను. దన్నుగా కట్టిన పిల్లర్లు మా వైపు ఉన్నాయి. కట్టించినవాళ్లు మామూలుగా వాటిని తమ స్థలంలోనే పెట్టుకుంటారు కాబట్టి మాదే అనిపించింది. కానీ గోడ పైన వాలు ఆయన వైపుంది. తమ గోడ నీళ్లు తమ వైపే పడేలా చూసుకుంటారు కదా, ఆ లెక్కన ఆయనది. ఇలాంటివి ఆనవాళ్లు మాత్రమే, వీటితో ఏదీ తేలదు.

పునాది ఎటు వైపు ఎక్కువ వచ్చిందో చూద్దామని పార తెచ్చాను. తవ్వబోతూ ఆగిపోయాను. మా వైపు మట్టి గోడకి ఆనుకుని రెండడుగుల ఎత్తుంది. రెండేళ్ల కిందట పూలమడుల కోసం నేనే పోయించాను. ఆయన వైపు నేల పాత మట్టంలోనే ఉంది. మట్టిని ఆపే గోడ వేరు, మామూలు ప్రహరీ వేరు. తడిసిన మట్టి బరువెక్కి గోడను తోస్తుంది, మా గోడకి నీళ్లు పోయే కన్నాలు కూడా లేవు. అది ఒరిగింది కూడా అటే.

చాలాసేపు అక్కడే నిలబడ్డాను. గోడ ఎవరిదైనా ఆ మట్టి నాది.

వెళ్లి తలుపు కొట్టాను. "బాబాయిగారూ, మా వైపు మట్టే గోడని తోస్తోంది. తీసేస్తాను" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మనవలు ఆడుకునేది ఆ గోడ పక్కనేనమ్మా" అన్నారు. నిన్నటి కోపం వెనక ఉన్న భయం ఇదన్నమాట. నేను ఒక్కసారి అడిగి ఉంటే నిన్నే చెప్పేవారేమో.

ఇద్దరం కలిసి సర్వేయర్‌ని పిలవాలని, ఫీజు చెరి సగం పెట్టుకోవాలని అనుకున్నాం. ఏం తేలినా కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు పెట్టాలని నేను పట్టుబట్టాను. ఆయన సరేనన్నారు.

సాయంత్రం చీకటి పడేదాకా మట్టిని పైనుంచి కొంచెం కొంచెంగా తీసి తట్టలతో మోశాను. అటు వైపు ఆయన, పిల్లలు రాకుండా గోడకి దూరంగా తాడు కట్టారు. సగం కూడా అవలేదు. రేపు ఆఫీసు నుంచి రాగానే మళ్లీ మొదలుపెట్టాలి.