అట్టముక్క

పదకొండున్నర అయింది. ఇందాక కడిగిన కెమెరా ఫిల్ము బాత్రూములో తాడుకు వేలాడుతోంది, బరువుకు కింద బట్టల క్లిప్పులు. చూడకూడదనుకుంటూనే మూడుసార్లు వెళ్లి చూసొచ్చాను. ముప్పై ఆరు ఫ్రేముల పొడుగునా ఒక అంచు పల్చగా ఉంది. మైపాడు బీచిలో తీసినవి. నెగటివులో పల్చనిది ప్రింటులో నల్లగా వస్తుంది, అందరి కాళ్లూ చీకట్లోనే.

కారణం తెలుసు. ఫిల్ము కడిగే నా జోబో మిషనులో ట్యాంకు పడుకుని తిరుగుతుంది. చేత్తో తలకిందులు చేస్తూ కడిగితే పావు లీటరు డెవలపరు మందు కావాలి, ఇందులో 140 మిల్లీలీటర్లు చాలు. ఆ పొదుపు చూసే కొన్నాను. కాకపోతే అంత కొంచెం మందు ఫిల్మంతా తడపాలంటే మిషను మట్టంగా ఉండాలి. మా బాత్రూము నేలేమో తూము వైపు వాలు. అందుకే రెండు కాళ్ల కింద అట్ట మడిచి పెట్టి, రసమట్టంలో బుడగ మధ్యకొచ్చేదాకా గంటసేపు కుస్తీ పట్టాను. అమ్మ నేల కడుగుతూ దాన్ని తీసేసింది.

"నానిపోయి కంపు కొడతా ఉంటే పారేశానబ్బయ్యా. అదేమన్నా బంగారమా?"

నలభై ఆరేళ్లొచ్చి అన్నం మీద అలిగాను.

నెల్లూరులో ఉండి హీటరున్న మిషను కొన్నవాణ్ని, నన్ననాలి. మే నెలలో కలర్‌కు కావాల్సిన 38 డిగ్రీలకు కుళాయి నీళ్లే దాదాపు వచ్చేస్తాయి. బ్లాక్ అండ్ వైట్‌కే తిప్పలు. 20 డిగ్రీలన్నది చలిదేశాల లెక్క. నేను ఐసుగడ్డలు వేసి వేసి 24 దగ్గర రాజీ పడ్డాను, టైము తగ్గించుకుని.

కావలిలో మామ తడి ఇసుకలో కొత్త కుండ పెట్టి, డెవలపరు సీసా అందులో దించేవాడు. థర్మామీటరు పగులుతుందని పెట్టెలోంచి తీసేవాడే కాదు. ముంజేతి మీద ఒక చుక్క వేసుకుని "ఆఁ, చాలు" అనేవాడు. నన్ను ఎర్రబల్బు కింద స్టూలెక్కించి ట్రే ఊపమనేవాడు. "ఒక పక్కే ఊపమాకరా, పెళ్లికూతురు సగం మొహమే తెల్లబోద్ది." ఆయన పెరుగన్నం కలిపి ముద్ద పెడితే ఫొటోలు కడిగే హైపో మందు వాసనొచ్చేది. తినేవాణ్ని.

ఇంత రాశాక గుర్తొస్తోంది. రసమట్టం అల్మారాలోనే ఉంది. ఇవాళ మొదలుపెట్టే ముందు ఒక్కసారి పెట్టి చూడలేదు, కరెంటు పోతుందేమోనని తొందర. తప్పు అమ్మది కాదేమో. అయినా చెప్పి తీయొచ్చుగా!

పద్నాలుగో ఫ్రేములో అమ్మ చీర కొంచెం పైకి పట్టుకుని అలకు వెనక్కి గెంతుతోంది. బాగా వచ్చింది, నడుము దాకా.

ఇందాక పాత హవాయి చెప్పు మడమ కోసి రెండు ముక్కలు మిషను కింద పెట్టాను. రబ్బరు నానదు. వీటిని పారేయొద్దని పొద్దున్నే చెప్పాలి. చెప్పు ఎవరిదని అడుగుతుంది.