సెంటర్ చేసినవాడి పేరు

విజయనగరం పిల్లలం ఫుట్‌బాల్ ఆడేవాళ్లమంటే నేను ఉద్యోగం చేసిన ఊళ్లలో ఎవరూ నమ్మేవారు కాదు. మన ఊరి పేరు చెప్పగానే సంగీత కళాశాల, ద్వారం వారి ఫిడేలు, కోట, సిరిమాను గుర్తొస్తాయి. ఆటలంటే కోడి రామ్మూర్తి గారి కుస్తీ, కొండవెలగాడ కుర్రాళ్ల వెయిట్‌లిఫ్టింగ్. క్రికెట్‌కి విజ్జీ గారు ఉండనే ఉన్నారు. ఫుట్‌బాల్ ఊసే ఎవరూ ఎత్తరు. కానీ డెబ్బైల్లో మన బడిలో చదివినవాళ్లకి తెలుసు, ఆఖరి గంట కొట్టాక మైదానంలో దుమ్ము ఎంత ఎత్తున లేచేదో. దానికి కారణం మన డ్రిల్లు మాస్టారు.

మన బడి పాత విద్యార్థుల కలయికకి వేస్తున్న సంచిక కమిటీవాళ్లు మాస్టారి గురించి రాయమన్నారు. ఆయన గురించి రాయాలంటే పీకే గురించి రాయక తప్పదు. పీకే అంటే ప్రదీప్ కుమార్ బెనర్జీ, మన దేశానికి ఫుట్‌బాల్ ఆడి, తర్వాత కోచ్ అయినవాడు. మన బడిలో ఆ పేరు వినకుండా పదో తరగతి దాటినవాడు లేడు.

మాస్టారు మన బడికి రాకముందు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేశారు. ఆ ఊళ్లో మన ఉత్తరాంధ్ర వాళ్లు ఎంతమందో ఇప్పటికీ ఉన్నారు. అక్కడి జట్టులో ఆయన రైట్ అవుట్, అంటే మైదానం కుడి అంచున బంతితో పరుగెత్తేవాడు. ఇప్పుడు వింగర్ అంటున్నారు గానీ అప్పట్లో రైట్ అవుట్, లెఫ్ట్ అవుట్ అనే అనేవారు. ఖరగ్‌పూర్ వదిలేసి ఎందుకు వచ్చేశారో మాకు చెప్పలేదు. మోకాలు దెబ్బతిందని కొందరు, ఇంటి దగ్గర ముసలి తల్లి ఉందని కొందరు అనేవారు. అడిగే ధైర్యం ఎవరికుంది?

ఆయన పద్ధతి చెప్పాలి. సున్నం గీత మైదానానికి కుడిపక్క ఒక్కటే వేయించేవారు, నాలుగు పక్కలా వేయడానికి సున్నం చాలదు. పెనాల్టీ గీత లోపల తన జేబురుమాలు పరిచి, అంచుల మీద గులకరాళ్లు పెట్టేవారు. గీతకి జానెడు ఇవతల బంతితో పరుగెత్తాలి. చివర ఎడమకాలు గట్టిగా నాటి, కుడికాలితో బంతిని లేపాలి. అది రుమాలు మీద పడాలి. బంతి అంటే ఇప్పటి తేలికపాటి బంతి కాదు. తోలుది, లోపల బ్లాడర్, పైన లేసు. వాన పడితే నీళ్లు తాగి ఇటుకంత బరువయ్యేది. లేసు ముడి నుదుటికి తగిలితే ఇంటికెళ్లేదాకా అచ్చు పోయేది కాదు. మేమంతా బంతి రుమాలు మీద పడిందా లేదా అని చూస్తుంటే, మాస్టారు మాత్రం మా తలకాయ ఎటు తిరిగి ఉందో చూసేవారు.

“బంతినేటి సూత్తావురా గుంటడా? అది నీ కాల్దగ్గరే ఉంది, ఎక్కడికీ పోదు. లోపల మనోడెవుడున్నాడో ఆడ్ని సూడు!”

గోలు కొట్టినవాడిని ఆయన మెచ్చుకోగా నేను చూడలేదు. “సెంటర్ సేసినోడెవుడు?” అని అడిగేవారు. సెంటర్ చేయడమంటే అంచు నుంచి బంతిని లేపి గోలు ముందున్న మనవాడికి అందించడం. వింగర్ అంటే పంక్తిలో వడ్డించేవాడనీ, ముందు తను తినాలని చూసేవాడు ఆ పనికి పనికిరాడనీ ఆయన లెక్క. అది నిజమని చూపించడానికి పీకే కథ చెప్పేవారు. అయితే ఆ కథ ఆయన లెక్కకి పూర్తిగా సరిపోదు. పీకే గోల్స్ కూడా కొట్టాడు, అదీ అసలైన సమయాల్లో.

1936 జూన్ 23న ఉత్తర బెంగాల్‌లో జల్పాయిగురి ప్రాంతంలో పుట్టి, జంషెడ్‌పూర్‌లో పెరిగిన కుర్రాడు. పదిహేనేళ్లకే బీహార్ తరఫున రాష్ట్రాల జట్ల పోటీ సంతోష్ ట్రోఫీ ఆడాడు. 1954లో కలకత్తా వచ్చి ఆర్యన్ క్లబ్బులో ఒక సీజన్ ఆడి, తర్వాత ఈస్టర్న్ రైల్వేలో చేరాడు. అంతే, మరి కదల్లేదు. 1967లో దెబ్బల వల్ల ఆట మానేసేదాకా అదే జట్టు.

ఇది ఎంత పెద్ద విషయమో కలకత్తా ఫుట్‌బాల్ తెలిస్తేనే అర్థమవుతుంది. అక్కడ మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్, ఈ మూడే లోకం. వాటిలో దేనికీ ఆడనివాడు దేశానికి కెప్టెన్ అవడం మామూలు మాట కాదు. 1958లో కలకత్తా లీగు ఈస్టర్న్ రైల్వే గెలిచింది. ఆ మూడూ కాకుండా వేరే జట్టు మళ్లీ ఆ లీగు గెలవడానికి 2019 దాకా, అంటే అరవై ఏళ్ల పైన పట్టింది. మాస్టారు ఆ రోజుల్లో ఖరగ్‌పూర్ నుంచి పాసు మీద బండెక్కి కలకత్తా మైదాన్‌కి పోయేవారట. “మనది బీఎన్నార్, ఆల్ది ఈస్టర్న్. ఆల్లు నెగ్గితే మనకేటి? అయినా అరిసీసినాను” అనేవారు. బీఎన్నార్ అంటే ఖరగ్‌పూర్ వైపు పాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. పెద్ద క్లబ్బులు పిలిచినా పీకే ఎందుకు వెళ్లలేదని మాలో ఒకడు అడిగితే, మాస్టారు రైల్వే ఉద్యోగం విలువ మీద అరగంట క్లాసు పీకారు. ఆ అరగంట విన్నవాళ్లలో ఇద్దరు తర్వాత రైల్వేలోనే చేరారు.

దేశం తరఫున ఆడిన కథ అందరికీ కొంచెం తెలిసిందే, గబగబా చెప్పేస్తాను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి సెమీఫైనల్‌కి చేరింది, నాలుగో స్థానంతో తిరిగొచ్చింది. ఆ జట్టులో పీకే ఉన్నాడు. 1960 రోమ్‌లో కెప్టెన్. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా అయిన మ్యాచ్‌లో మన గోలు అతనిదే. ఆ జట్టులో కుడివైపు పీకే, మధ్యలో చునీ గోస్వామి, ఎడమవైపు సికింద్రాబాద్ పక్క అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం. హంగరీ మీదా, పెరూ మీదా మనకి దక్కిన గోల్స్ బలరామే కొట్టాడు. బలరాం పేరు వచ్చినప్పుడల్లా మాస్టారి గొంతు కొంచెం పెరిగేది.

కానీ ఆయన ఆగి ఆగి చెప్పేది 1962 జకార్తా గురించి. ఇజ్రాయెల్‌ని, తైవాన్‌ని ఆసియా క్రీడలకి రానివ్వలేదని మన అధికారి సోంధీ అభ్యంతరం చెప్పడంతో ఇండోనేషియా జనం మన మీద మండిపడి ఉన్నారు. సెప్టెంబర్ 4న ఫైనల్. స్టేడియం నిండా మనకి వ్యతిరేకంగా కేకలు. ఎదురుగా దక్షిణ కొరియా, లీగు దశలో మనల్ని 2-0తో ఓడించిన జట్టు. మనవైపు డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి కుట్లు. కోచ్ రహీం సాహెబ్ అతన్ని వెనక నిలబెట్టకుండా తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌లో పెట్టారు. పదిహేడో నిమిషంలో పీకే గోలు, ఇరవయ్యో నిమిషంలో జర్నైల్ గోలు. 2-1తో బంగారు పతకం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకి బంగారం రాలేదు.

ఈ కథలో మాస్టారికి అసలు వీరుడు పీకేనా, రహీమా అని నాకు ఎప్పుడూ సందేహమే. రహీం సాహెబ్ హైదరాబాద్‌లో బడిపంతులు. క్యాన్సర్‌తో ఉండి ఆ జట్టుని నడిపారు, మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. “పంతులుద్యోగం అంటే ఏటనుకున్నారు?” అని మాస్టారు ఆ చోట తప్పకుండా అనేవారు. మిగతా మాస్టార్లు స్టాఫ్ రూమ్ కిటికీలోంచి వింటుంటే ఇంకొంచెం గట్టిగా అనేవారు.

కోచ్‌గా పీకే మొదలుపెట్టింది మాత్రం ఉపన్యాసాలతో కాదు. 1969లో జపాన్‌లో ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా పెట్టిన కోచింగ్ కోర్సుకి వెళ్లి, జర్మన్ కోచ్ డెట్‌మార్ క్రామర్ దగ్గర చదువుకుని వచ్చాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు శిక్షణలో అతని చేయి ఉంది. 1972లో ఈస్ట్ బెంగాల్ పగ్గాలు పట్టాడు. ఆడేటప్పుడు ఏ గడప తొక్కలేదో, కోచ్‌గా ఆ గడపే ఎక్కాడన్నమాట. తర్వాత అవతలి గడప మోహన్ బగాన్ కూడా ఎక్కాడు.

మన బడికి ఈ వార్తలు ఎలా వచ్చేవో ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు. హౌరా మెయిల్‌లో తెలిసిన గార్డు ఒకాయన కలకత్తా పేపర్లు తెచ్చి స్టేషన్‌లో ఇచ్చేవాడు. మాస్టారికి ఖరగ్‌పూర్‌లో బెంగాలీ చదవడం అబ్బింది. వేపచెట్టు కింద కూర్చుని, పాత వార్తే అయినా అప్పుడే జరిగినట్టు చదివి చెప్పేవారు. 1975 సెప్టెంబర్ 30న కలకత్తాలో పేరున్న పోటీ ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ మోహన్ బగాన్‌ని 5-0తో చిత్తు చేసిన వార్త అలాగే విన్నాం. మొదటి గోలు రైట్ వింగర్ సురజిత్ సేన్‌గుప్తాది. పీకే చేతి కింద ఆడిన కుర్రాడు. మాస్టారు ఆ పేరు మూడుసార్లు చదివారు. అవతల పడేసిన సుభాష్ భౌమిక్‌ని పిలిచి వింగ్‌లో మళ్లీ నిలబెట్టినవాడూ పీకేనే. ఆ భౌమికే తర్వాత కోచ్ అయి 2003లో ఈస్ట్ బెంగాల్‌కి ఆగ్నేయాసియా క్లబ్బుల పోటీ ఆసియాన్ కప్పు తెచ్చాడు.

1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్‌తో కలకత్తా వచ్చినప్పుడు మోహన్ బగాన్ కోచ్ పీకే. ఈడెన్ గార్డెన్స్ బురదలో 2-2 డ్రా. మన రెండు గోల్స్‌లో ఒకటి హైదరాబాదీ హబీబ్‌ది. ఆ వారం మన మైదానంలో ప్రతివాడూ హబీబే. రైట్ అవుట్ ఆడతానన్నవాడు ఒక్కడూ లేడు. మాస్టారికి అది నచ్చలేదు.

పీకే డ్రెస్సింగ్ రూమ్‌లో మాట్లాడే తీరుకి బెంగాలీ పేపర్లు ‘వోకల్ టానిక్’ అని పేరు పెట్టాయి. మాస్టారు కూడా దాన్ని మన మీద ప్రయోగించారు. విశాఖ జట్టుతో మ్యాచ్, హాఫ్ టైంకి రెండు గోల్స్ వెనకబడ్డాం. బెల్లం ముక్కలు, నిమ్మకాయ బద్దలు పంచుతూ ఆట ఊసే ఎత్తలేదు. మా ఫుల్ బ్యాక్ దగ్గర కూర్చుని, “మీ నాన్న కొట్టు కట్టీసి ఎండలో వొచ్చి కూకున్నాడు. ఆయన్ని ఉత్త సేతుల్తో పంపీకురా” అన్నారు. వాడి కళ్లు ఎర్రబడ్డాయి. రెండో సగంలో ఒక్క గోలు కూడా తిన్లేదు. మేం కొట్టింది మాత్రం ఒక్కటే, 2-1తో ఓడిపోయాం. టానిక్ సగం మోతాదే పనిచేసింది.

నా మటుకు నాకు ఆ వోకల్ టానిక్ అనే మాట మీద కొంచెం చిరాకు. అది వింటే మాటలు చెప్పి గెలిపించాడనిపిస్తుంది. మాటలతోనే గెలిచేదైతే 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో సొంత గడ్డ మీద సౌదీ చేతిలో క్వార్టర్‌ఫైనల్ ఎందుకు ఓడతాం? ఆ జట్టు కోచ్ కూడా ఆయనే. ఆ ఓటమి గురించి మాస్టారు నోరు విప్పేవారు కాదు. పీకే పనితనం నాకు ఎక్కువ కనిపించేది భౌమిక్, సురజిత్ లాంటివాళ్లలో, తొంభైల్లో జంషెడ్‌పూర్ టాటా అకాడమీలో పిల్లలకి నేర్పిన ఏళ్లలో.

అయినా 1997 జులై 13 చూశాక ఆ చిరాకు కొంత తగ్గింది. ఫెడరేషన్ కప్పు సెమీఫైనల్, సాల్ట్ లేక్ స్టేడియంలో లక్షా ముప్పై వేల పైన జనం. మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా ఆటగాళ్లని వజ్రం ఆకారంలో నిలబెట్టే తన ‘డైమండ్’ పద్ధతి గురించి గొప్పలు చెప్పి, ఈస్ట్ బెంగాల్ ఆటగాళ్లని పేపర్లలో ఎగతాళి చేశాడు. అప్పుడు ఈస్ట్ బెంగాల్ కోచ్ అయిన పీకే ఆ ఎగతాళినే తన కుర్రాళ్లకి మందుగా పోశాడంటారు. భైచుంగ్ భూటియా హ్యాట్రిక్, 4-1. ఆ ఏడు సిరిమానుకి ఊరొచ్చినప్పుడు మాస్టారింటికి వెళ్లాను. మోకాలికి కట్టు కట్టుకుని వాలుకుర్చీలో ఉన్నారు. నేను కూర్చోకముందే, “భూటియా పేరు సరేనయ్యా, బంతి అందించినోల్ల పేర్లు నీ పేపర్లో రాసినారేటి?” అన్నారు. రాయలేదు.

పీకేకి 1961లో అర్జున, 1990లో పద్మశ్రీ, 2004లో ఫిఫా ఆర్డర్ ఆఫ్ మెరిట్ వచ్చాయి. 2020 మార్చి 20న కలకత్తాలో, ఎనభై మూడేళ్ల వయసులో పోయారు. అప్పటికి మాస్టారు లేరు.

ఈసారి కలయికలో మాస్టారి పేరు మీద ఏటా పిల్లలకి ఫుట్‌బాల్ కప్పు ఇద్దామని కమిటీ అనుకుంటోంది. నా చందా ఇచ్చేశాను, ఒక షరతు మీద. ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి వద్దు. ఎక్కువ సెంటర్లు చేసినవాడికి ఇవ్వాలి, వాడి పేరే చెక్కించాలి. అవి లెక్కపెట్టేదెవరని ట్రెజరర్ గారు అడుగుతున్నారు. లైన్ పక్కన కుర్చీ వేయిస్తే నేనే కూర్చుంటానని చెప్పాను, ఆయనింకా ఏమీ తేల్చలేదు.