పడటానికీ లేవడానికీ మధ్య

రెండో శనివారం, బ్యాంకుకి సెలవు. మే నెల కాకినాడ ఎండ సంగతి చెప్పక్కర్లేదు, పొద్దున తొమ్మిదికే ముఖం మీద కొడుతుంది. రైతుబజారుకి వెళ్ళి కూరలు తెచ్చి, ఇస్త్రీ బట్టలు ఇచ్చేసి ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో పడ్డాను. ఇక సాయంత్రం దాకా గడప దాటే పని లేదు. మా అక్క కొడుకు సెలవులకి వచ్చి ఉన్నాడు. వాడికి ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు అయిపోయాయి. వాడి చేతిలో ఫోను, నా చేతిలో పీఎస్4 (టీవీకి తగిలించి ఆడే గేమ్ మిషన్) కంట్రోలర్. రోజంతా ఆటలతోనే గడిచింది. ఎప్పట్నుంచో మనసులో నలుగుతున్న ఒక విషయం వాడితో వాదించాక కాస్త తేటపడింది. మర్చిపోకముందే రాసుకుంటున్నాను.

ఏదైనా ఆట బాగుందా లేదా అని అడిగితే చాలామంది గ్రాఫిక్స్ గురించో, కథ గురించో చెప్తారు. నేను ముందు చూసేది ఒకటే. ఓడిపోయాక ఆట నన్ను ఏం చేస్తుంది? ఎక్కడ నిలబెడుతుంది, ఎంతసేపట్లో, నా దగ్గర ఏం లాక్కుని? ఏ బాస్‌నైనా, అంటే దారికి అడ్డంగా నిలిచే పెద్ద శత్రువుని, గెలిచేది ఒక్కసారి, ఓడిపోయేది లెక్కలేనన్నిసార్లు. ఆడేవాడి సమయంలో ఎక్కువ భాగం పోయేది అక్కడే కాబట్టి, ఆట తయారుచేసినవాళ్ళు ఆడేవాడి గురించి ఏమనుకుంటున్నారో కూడా అక్కడే తెలుస్తుంది.

పొద్దున టిఫిన్ అయ్యాక ఎల్డెన్ రింగ్ పెట్టాను. 2022 ఫిబ్రవరిలో వచ్చిన ఆట, జపాన్‌లోని ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ వాళ్ళది, దర్శకుడు హిడెటకా మియజాకి. నేను స్టార్మ్‌వీల్ కోట ముందు ఉన్నాను. వంతెన మీద మార్గిట్ అనే బాస్ కాపలా. కొమ్ములు, తోక, చేతిలో పెద్ద కర్ర. వాడి బలం కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది వాడి ఓపిక. కర్ర పైకెత్తుతాడు. దెబ్బ పడుతుందనుకుని మనం పక్కకి దొర్లుతాం. పడదు. వాడు కర్ర అలాగే పట్టుకుని ఆగుతాడు, మనం దొర్లి లేచే సమయానికి సరిగ్గా దించుతాడు. గల్లీ క్రికెట్‌లో అదే యాక్షన్‌తో స్లో బాల్ వేసే బౌలర్ ఉంటాడే, అచ్చం అలాగే. బ్యాట్ ముందే ఊపేశామంటే వికెట్ పోయినట్టే. పోనీ దూరంగా వెళ్ళి ప్రాణం పెంచే మందు తాగుదామంటే, మనం సీసా ఎత్తడం చూసి మెరిసే బాకు విసురుతాడు. వాడి ప్రాణం బాగా తగ్గాక చేతిలోకి పెద్ద సుత్తి కూడా వస్తుంది.

పడగానే చచ్చిపోయావని తెర మీద ఎర్రటి అక్షరాలు వస్తాయి. చేతిలో ఉన్న రూన్లన్నీ పడ్డ చోటే మిగిలిపోతాయి. లెవెల్ పెంచుకోవడానికీ, కత్తులు కొనుక్కోవడానికీ డబ్బులాంటివవి. మళ్ళీ అక్కడిదాకా వెళ్ళి తీసుకోవాలి. తీసుకునేలోపు ఇంకోసారి పడ్డామా, అవి శాశ్వతంగా పోయినట్టే. ఇది కఠినమైన రూలే, నేను కాదనను. కానీ ఈ ఆటలో నాకు బాగా నచ్చింది లేచాక మళ్ళీ ఆ వంతెన దాకా నడిచే ఆ కొద్ది సమయం. మార్గిట్ దగ్గర ఆ నడక చిన్నదే, చచ్చినవాళ్ళు మళ్ళీ లేవడానికి పక్కనే పెట్టిన మారికా స్తంభం దగ్గర లేస్తాం. అయినా ఆ నాలుగు అడుగుల్లోనే బుర్ర పనిచేస్తుంది. ఎడమవైపు దొర్లి ఉంటే? డాలు పక్కన పెట్టేస్తే? అసలు ఇప్పుడు వీడితో నాకు పనేంటి?

ఆ చివరి ప్రశ్నకి ఈ ఆట ఇచ్చే జవాబు గొప్పది. మార్గిట్‌ని ఇప్పుడే కొట్టాలని ఎవరూ బలవంతపెట్టరు. గుర్రం ఎక్కి లిమ్‌గ్రేవ్ అనే ఈ మొదటి ప్రాంతమంతా తిరగొచ్చు, గుహల్లోకి దిగొచ్చు, దక్షిణాన ఇంకో కోటకి వెళ్ళొచ్చు, బలం పెంచుకుని తిరిగి రావచ్చు. అంతెందుకు, స్టార్మ్‌వీల్ కోట పక్కనుంచి లియుర్నియా అనే తర్వాతి ప్రాంతానికి దారి ఉంది, ఈ వంతెనని దాటకుండానే పోవచ్చు. జనం దీన్ని కనికరం లేని ఆట అంటారు. నేను ఒప్పుకోను. ఈ ఆటలో కనికరం మ్యాప్ అంతటా పరిచి ఉంది, వెతుక్కోవాలి అంతే.

పోరు మధ్యలో ఉండగా వంటింట్లోంచి మా ఆవిడ కేక.

"ఏవండీ, గ్యాస్ అబ్బాయి వచ్చాడు! పాత సిలిండర్ బయట పెట్టండి!"

ఎల్డెన్ రింగ్‌లో మామూలు పాజ్ లేదు. మెనూ తెరిచినా శత్రువు ఆగడు. కంట్రోలర్ కింద పెట్టి వెళ్ళాను, వచ్చేసరికి ఎర్ర అక్షరాలు. సంసారం ఉన్నవాళ్ళ మీద ఈ ఒక్క విషయంలో ఆ ఆట దయ చూపించి ఉండాల్సింది. తర్వాత పదకొండింటికి కరెంటు కూడా పోయింది. మా ఇన్వర్టర్ ఫ్యాన్లకీ లైట్లకే, టీవీకి లైను లేదు. కరెంటు వచ్చి పీఎస్4 డిస్క్ చెక్ చేసుకుని ఆట తెరుచుకునే దాకా గుండె దడే. కానీ సంపాదించుకున్నదేమీ పోలేదు. ఆడుతున్నంతసేపూ ఆట తనంతట తనే సేవ్ చేసుకుంటూ ఉంటుంది మరి.

ఈ ధైర్యం మా చిన్నప్పుడు లేదు. టీవీకి తగిలించి ఆడే గేమ్, పసుపురంగు క్యాసెట్, అందులో సూపర్ మారియో. 1985లో నింటెండో వాళ్ళు తెచ్చిన ఆట మన ఇళ్ళకి నకిలీ మిషన్లలో చేరింది, అయినా ఆట అదే ఆట. మొత్తం 8 లోకాలు, సేవ్ చేసుకునే వీలే లేదు. మొదట చేతిలో మూడు లైఫ్‌లు. అవి అయిపోతే ఎంత దూరం వెళ్ళినా మళ్ళీ మొదటి లోకం, మొదటి అంకం. ఏడో లోకంలో ఉండగా కరెంటు పోతే పక్కింటి పిల్లలతో సహా అందరం ఒక్కసారే మూలిగేవాళ్ళం. లైఫ్‌లు లెక్కపెట్టే ఈ పద్ధతి నాణెం వేసి ఆడే ఆర్కేడ్ మిషన్ల నుంచి వచ్చింది. అక్కడ ఆడేవాడు త్వరగా ఓడి ఇంకో నాణెం వేస్తేనే కొట్టువాడికి గిట్టుబాటు. నాణేలు లేని ఇంటి ఆటల్లోకీ ఆ అలవాటు అలాగే వచ్చేసింది. కాంట్రా అనే తుపాకుల ఆటలో పైకి, పైకి, కిందకి, కిందకి అంటూ బటన్లు నొక్కి 30 లైఫ్‌లు తెచ్చుకోవడం అందుకే అంత పండగలా ఉండేది.

అలాగని మారియోని తక్కువ చేయను. మొదటి అంకం తెరవగానే ఎదురొచ్చే ఆ పుట్టగొడుగు జీవిని చూడండి. ఏం చేయాలో ఒక్క అక్షరం రాసి ఉండదు. తగిలితే పోతాం. పోయినా నష్టం రెండు సెకన్ల నడకే. రెండోసారి ఎగురుతాం, వాడి నెత్తిన పడితే వాడు పోతాడు, ఆట సూత్రం మొత్తం అర్థమైపోతుంది. ఓటమితోనే పాఠం చెప్పడం షిగెరు మియమోటోకి ఆనాడే తెలుసు. ఆ పాఠం అంత చౌకగా దొరికేది మొదట్లోనే, చివరికి వచ్చేసరికి దాని ఖరీదు ఒక మధ్యాహ్నం మొత్తం. నా ఇబ్బంది అక్కడే.

భోజనాలయ్యాక ఆవకాయ ఘాటు ఇంకా నాలుక మీద ఉండగానే సెలెస్ట్ పెట్టాను. 2018లో వచ్చిన చిన్న ఆట. మ్యాడెలిన్ అనే అమ్మాయి ఒక కొండ ఎక్కుతుంది, అంతే కథ. ఎగరడం, గోడ పట్టుకోవడం, గాలిలో ఒక్కసారి దూసుకుపోవడం, చేతిలో ఉన్న విద్యలు ఈ మూడే. దూసుకుపోయాక ఆమె ఎర్రజుట్టు నీలంగా మారుతుంది, కాలు నేలకి తగిలాక మళ్ళీ ఎర్రబడుతుంది. చిన్న వివరమే అయినా కళ్ళు ఎక్కడికీ తిప్పక్కర్లేకుండా ఏం మిగిలిందో తెలిసిపోతుంది.

నేనున్నది గోల్డెన్ రిడ్జ్ అనే అంకంలో. ఎదురుగాలి. మామూలుగా అందే గట్టు ఈ గాలికి అందదు, మధ్యలో తేలుతున్న ఆకుపచ్చ స్ఫటికాన్ని తాకితే ఇంకోసారి దూసుకుపోయే శక్తి వస్తుంది. తాకాను, దూసుకెళ్ళాను, ముళ్ళ మీద పడ్డాను. కన్ను ఆర్పేలోపు మళ్ళీ అదే తెర మొదట్లో నిలబడి ఉన్నాను. ఏమీ పోలేదు, ఎవరూ ఏమీ అనలేదు, సంగీతం కూడా ఆగలేదు. ఆ ఓటమికి బాధపడే తీరిక కూడా ఇవ్వదు ఈ ఆట. ఆలోచన బుర్రలోంచి దిగి వేళ్ళలోకి వెళ్ళిపోతుంది. ఎన్నిసార్లు పోయామో లెక్క మాత్రం చూపిస్తుంది, ఆ లెక్క చూసి గర్వపడమని మొదట్లోనే ఒక పోస్టుకార్డు వేస్తుంది. ఆ కార్డు నాకు ఎంత ఇష్టమో.

పైకి కనపడని దయ ఇంకా ఉంది. గట్టు అంచు దాటి కాలు గాలిలోకి వెళ్ళాక కూడా, రెప్పపాటు లోపల బటన్ నొక్కితే ఎగరనిస్తుంది. పైకి ఎగిరినప్పుడు తల గట్టు మూలకి తగిలితే కొంచెం పక్కకి జరిపి దారి ఇస్తుంది. ఈ ఆట తయారుచేసిన మ్యాడీ థార్సన్ తర్వాత ఇవన్నీ విడమరిచి రాశారు. చదవకముందు ఆ గెలుపంతా నా చేతి నైపుణ్యం అనుకున్నాను, చదివాక ఆ ఆట మీద గౌరవం పెరిగింది. ఇంకా కష్టమైతే అసిస్ట్ మోడ్ ఉంది, ఆట వేగం సగం దాకా తగ్గించుకోవచ్చు, అసలు దెబ్బే తగలకుండా పెట్టుకోవచ్చు. వేళ్ళు సరిగ్గా సహకరించనివాళ్ళు కూడా కొండెక్కాలని కోరుకున్న ఆట ఇది.

ఆ అంకం చివర్లో ఒక ఘట్టం వస్తుంది. రోప్‌వే బండి సగం దారిలో ఆగిపోతుంది. మ్యాడెలిన్‌కి ఊపిరాడదు, చేతులు వణుకుతాయి. పక్కనున్న థియో, ఒక ఈక గాలిలో తేలుతున్నట్టు ఊహించుకో, నీ ఊపిరితో దాన్ని తేలుస్తూ ఉండు అంటాడు. మన చేతిలో ఒక్క బటన్. నొక్కితే ఈక పైకి, వదిలితే కిందకి. అక్కడ స్కోరు లేదు, శత్రువు లేడు. నాకు తెలియకుండానే నేనూ దానితోపాటు ఊపిరి తీసి వదులుతున్నాను. ఆడిట్ రోజుల్లో బ్రాంచిలో టెన్షన్ ఎక్కువైనప్పుడు ఆ ఈకని తలుచుకున్న సందర్భాలున్నాయి, నిజంగా పనిచేసింది.

వెనక సోఫాలో మావాడు తన స్నేహితులతో బీజీఎమ్ఐ ఆడుతున్నాడు, ఫోన్లో జట్లుగా కాల్చుకుంటూ చివరిదాకా మిగలాల్సిన ఆట అది. ఎరాంగెల్ మ్యాప్, 8 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు, వందమంది దిగుతారు. దిగిన కాసేపటికే వీడు అవుట్. నేను నా సిద్ధాంతం ఎత్తుకున్నాను.

"చూడరా, నీ ఆటలో ఓడిపోతే ఏం నేర్చుకున్నట్టు? ఇందాక నిన్ను కాల్చినవాడు మళ్ళీ అదే కిటికీలో ఉండడు కదా. పైగా పాయింట్లు కూడా తగ్గుతాయి."

"మామయ్యా, నువ్వు ఒక్కడివే ఆడతావు, అందుకే అలా అనిపిస్తుంది. నేను పోయినా మావాళ్ళు ముగ్గురున్నారు. ఆగు, ఆగు... ఒరేయ్, చెట్టు వెనకాల! కుడిపక్క! కుడిపక్క రా!"

పోయిన తర్వాత కూడా వాడి కళ్ళు ఆ తెర మీదే. స్నేహితుడి భుజం మీదుగా చూస్తూ, మైకులో దారి చెప్తూ, వాళ్ళతోపాటే పరిగెడుతున్నాడు. ఒకడు నల్గొండలో, ఒకడు భీమవరంలో, ఇంకొకడు వాళ్ళ నాన్న ఉద్యోగం వల్ల పుణెలో. ఆడే చోటు కుంచించుకుపోతూ మిగిలిన చివరి వలయంలో ఆ నల్గొండ కుర్రాడు ఒక్కడే మిగిలితే నలుగురూ ఊపిరి బిగబట్టారు. చివరికి రెండో స్థానం. అరుపులు, నవ్వులు, వెంటనే ఇంకో మ్యాచ్.

వాడి మాటలో న్యాయం ఉంది. ఎల్డెన్ రింగ్ నడక ఇస్తుంది, సెలెస్ట్ తక్షణం లేపుతుంది, వాడి ఆటలో ఓడినవాడికి మనుషులు దొరుకుతారు. ఇది నేను లెక్కలోకి తీసుకోలేదు, ఇప్పుడు తీసుకుంటున్నాను. అయినా మ్యాచ్ అయ్యాక బయటికి రాగానే కళ్ళముందు మెరిసేవి కొత్త దుస్తులు, తుపాకీ రంగులు, వాటికి ధరలు. ఓడిన చిరాకులో ఉన్న పదిహేడేళ్ళ పిల్లాడి ముందు అంగడి తెరవడం నాకు సుతరామూ నచ్చదు. నేను పెట్టిన డబ్బుకి ఎల్డెన్ రింగూ సెలెస్టూ ఆట మొత్తం ఇచ్చేశాయి, ఓడినప్పుడు నా జేబు వైపు చూడలేదు. ఈ తేడా చిన్నది కాదు. వాడికి చెప్పాను కూడా. "నేను కొననులే మామయ్యా" అన్నాడు. వాడి మాట మీద నాకు నమ్మకముంది.

సాయంత్రం చల్లబడ్డాక వాడికి సెలెస్ట్ ఇచ్చాను. ముందు ఫోన్ అలవాటుతో బొటనవేళ్ళు తడబడ్డాయి. మొదటి అంకంలో కూలిపోయే గట్ల దగ్గర పడుతూ, లేస్తూ, ఒక్కమాట మాట్లాడకుండా ఆడాడు. ఒక తెర మీద స్ట్రాబెర్రీ కనపడింది. అది తీసుకోకపోయినా ఆట ముందుకు సాగుతుంది, తీసుకుంటే ఆటలో ఒరిగే లాభమూ లేదు. ఆ సంగతి వాడికి చెప్పాను.

"అయినా కావాలి" అన్నాడు.

అది చేతికి చిక్కేదాకా టీ కూడా ముట్టుకోలేదు. మా ఆవిడ రెండుసార్లు వేడి చేసి ఇచ్చింది.

ఇప్పుడు నన్ను ఏది గొప్ప ఆట అని అడిగితే, ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి అరగంటే ఉన్న రోజుల్లో సెలెస్టే. ఆ అరగంటలో ఒక్క నిమిషం కూడా వృథా చేయదు. రోజంతా చేతిలో ఉన్నప్పుడు ఎల్డెన్ రింగ్. రెంటినీ ఒకే తక్కెడలో పెట్టమంటే మాత్రం నా ఓటు సెలెస్ట్‌కే, గట్టు దాటిన కాలికి కూడా ఇంకో అవకాశం ఇచ్చింది కాబట్టి. మావాడు దీనికి ఒప్పుకోలేదు. మార్గిట్‌ని తను ఒకసారి చూస్తానంటున్నాడు. సోమవారం నేను బ్యాంకుకి వెళ్ళాక ఆడుకోమని, నా రూన్లు పోయినా ఫర్వాలేదని చెప్పాను.