ఎండాకు కోసం నేను పడ్డ అగచాట్లు

ఈ పొద్దున వంగమడిలో నేల మీద పరిచిన ఎండాకు పక్కకు జరిపి వేలు గుచ్చి చూశాను. నీళ్ళు పెట్టి నాలుగు రోజులైనా రెండో కణుపు దాకా చెమ్మ తగిలింది. పోయినేడు ఇదే వేళకు రోజు విడిచి రోజు పెట్టినా మన్ను పెచ్చులు లేచేది. ఆ సంతోషంలోనే ఇది రాస్తున్నాను.

మాది అనంతపురం జిల్లా, ఎర్రనేల. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయిందంటే ఎండా గాలీ కలిసి మడుల్లో తడి లాగేస్తాయి. ఉగాదిలోపే నేలకు కప్పు పడాలి. పని ఒక్క పూటది. కలుపు తీసి, పశువుల ఎరువు చల్లి, బాగా నానేట్టు నీళ్ళు పెట్టి, ఆపైన ఆకు పరచడమే. పొడినేల మీద పరిస్తే మాత్రం ఫలితం ఉండదు.

ఆకు సంపాదించడమే నాకు గండమైంది. వేరుశనగ పొట్టు అడిగితే మిల్లువాళ్ళు లోడు లెక్కన తప్ప ఇవ్వమన్నారు. మా వీధి చివర పార్కులో కానుగలూ వేపలూ ఈ రోజుల్లోనే ఆకు దులుపుతాయి. మోకాలెత్తు కుప్పలు పోసి పొద్దున్నే నిప్పు పెడతారు. నాలుగు సంచులు తీసుకుంటానంటే కాపలా మనిషి ఆఫీసులో అడగమన్నాడు. అక్కడ అర్జీ రాయమన్నారు, రాశాను. మర్నాడు రమ్మన్నారు, వెళ్ళాను. గంటన్నర నిలబెట్టాక ఆ సారు నా కాగితం అందరికీ వినబడేలా చదివి, "చెత్తకు అర్జీ పెట్టినామెను నా సర్వీసులో చూళ్ళేదు. ఇంట్లో పనేం లేదామ్మా?" అన్నాడు. గదంతా నవ్వింది. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, ఒక్క మాట పెగల్లేదు. ఇంటికొచ్చి అన్నం కూడా తినబుద్ధి కాలేదు.

చెత్తట! సుభాష్ పాలేకర్ ప్రకృతి సేద్యం పద్ధతిలో విత్తనాలకు పట్టించే బీజామృతం, నేలకు పోసే జీవామృతం, నేలలో తడీ గాలీ సమంగా ఉంచే వాఫసలతో సమానంగా నిలబెట్టింది ఈ ఆచ్ఛాదననే, అంటే నేలకు ఆకు కప్పడాన్నే. మన రాష్ట్రంలో ప్రభుత్వం పెట్టిన రైతు సాధికార సంస్థ రైతులకు నేర్పేదీ ఇదే. నేలకు పోవాల్సినదాన్ని తగలబెట్టి పిల్లల ఊపిరితిత్తుల్లోకి పంపేవాళ్ళకు నన్ను చూసి నవ్వే హక్కెక్కడిది?

చివరికి దారి చూపింది పార్కు ఊడ్చే ఆమె. "ఆఫీసుకు యాల పోయినావక్కా? ఐదున్నరకు రా, అగ్గి పెట్టకముందే ఎత్తుకుపో" అంది. గాజుపెంకులూ కవర్లూ తనే ఏరి, సంచులు నింపి ఇచ్చింది. నాలుగు రోజుల్లో పదకొండు సంచులు. మీరూ ఆఫీసుల చుట్టూ తిరగకండి, ఊడ్చేవాళ్ళను మర్యాదగా అడగండి.

కానుగాకు అలాగే పరిస్తే ఒకదానికొకటి అతుక్కుని నీళ్ళు పక్కకు జారిపోతాయి. కాళ్ళతో తొక్కి నలిపి, నాలుగు అంగుళాల మందాన వేశాను. మొక్క మొదలు చుట్టూ నాలుగు వేళ్ళ జాగా వదలాలి, ఆనిస్తే మొదలు కుళ్ళుతుంది. గాలికి లేవకుండా పైన కందికట్టె అడ్డం పెట్టాను. ఒక మడిలో చెదలు కనబడితే అక్కడి ఆకు తీసేసి వేపపిండి చల్లాను, మళ్ళీ రాలేదు. బెండ గింజ వేసిన మడికి మాత్రం మొక్క జానెడయ్యేదాకా కప్పలేదు.

మల్లెపాదులకు ఇంకో మూడు సంచులు కావాలి. పార్కు ఊడ్చే ఆమెకు నాలుగు వంకాయలు కోసి పెట్టాను. రేపు ఐదింటికే లేవాలి.